వాన రోజు నాలుగు గోడల మధ్య: పసిపిల్లల ఒళ్ళు కదిలే ఆటల్లో ఏది ఎంచుకోవాలి

దసరా వెళ్ళిన వారం. వాయుగుండం అన్నారు, తీరం దాటేదాకా పిల్లల్ని బయటికి వదలొద్దన్నారు. విజయనగరంలో మేం డే కేర్ నడిపే అద్దె ఇంట్లో రెండు గదులు, ఓ వరండా. వరండాలోకి జల్లు కొడుతోంది. ఏడాది నిండినవాళ్ళ నుంచి అయిదేళ్ళ వాళ్ళ దాకా పద్నాలుగు మంది పిల్లలు. అప్పుడే కొత్తగా కొన్న ప్లాస్టిక్ జారుడుబల్లని ముందు గదిలోకి తెచ్చి పెట్టాం. పిల్లలు సంబరంగా వరస కట్టారు. పావుగంట గడిచేసరికి ఒకటే గోల, తోపులాట. ఒకడు ముందున్న వాడి భుజం కొరికేశాడు. "ఈ గుంటలకి ఇయాల ఏటైపోనాదో, టీచరమ్మా!" అంది మా ఆయమ్మ.

నేను చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఒక్కొక్కరు మెట్లెక్కి, జారి, దిగడానికి ఇరవై సెకన్లు. అంటే 20 నిమిషాల్లో 60 సార్లు. పద్నాలుగు మందికి పంచితే తలా నాలుగు సార్లు. ఒక్కో పిల్ల ఒళ్ళు కదిలింది మొత్తమ్మీద 80 సెకన్లు. మిగిలిన పద్దెనిమిది నిమిషాలూ నిలబడే ఉంది. పిల్లలకి ఏమీ అవలేదు. రెండేళ్ళ వాణ్ణి అంతసేపు కదలకుండా నిలబెట్టిన తప్పు మాది.

అప్పట్నుంచి ఏ ఆట గురించి ఎవరడిగినా నేను ముందు చూసేది ఒకటే. ఇందులో పిల్ల ఆడేది ఎంతసేపు, తన వంతు కోసం కాసుకునేది ఎంతసేపు? ధర, రంగు, అందం అన్నీ దాని తరవాతే. అంగన్‌వాడీ టీచర్లు, సొంతంగా ప్లేస్కూల్ పెట్టుకున్నవాళ్ళు, ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే అమ్మలు ఏది కొనాలో, ఏది మానాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎంత కదలాలి అన్నదానికి ఒక కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలిస్తూ ఉండాలి. మూడు, నాలుగేళ్ళ వాళ్ళకైతే అందులో 60 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేంత జోరుగా సాగాలి. ఒకే బిగిన కాదు, రోజంతా విడతలు విడతలుగా. మూడు గంటలా అని భయపడక్కర్లేదు, నడక, ఎక్కడం, దిగడం, వస్తువులు మోయడం అన్నీ ఇందులోకే వస్తాయి. కానీ మా దగ్గరికొచ్చే పిల్లల తల్లులు కొందరు మిల్లుకీ, కొందరు దుకాణాలకీ వెళ్ళేవాళ్ళు. పిల్లని తీసుకెళ్ళేసరికి చీకటి పడుతుంది. ఇంటికెళ్తే ఒకటే గది. ఆ 180 నిమిషాల్లో ఎక్కువ భాగం మా కప్పు కిందే జరగాలి, లేకపోతే అసలు జరగదు.

జారుడుబల్లా, పరుపుల దారా

కొనే వస్తువుల్లో జనం మొదట చూసేవి మూడు: జారుడుబల్ల, రంగు బంతుల తొట్టి, చిన్న ట్రాంపోలిన్.

ట్రాంపోలిన్ సంగతి ముందే తేల్చేస్తాను, వద్దు. ఆరేళ్ళలోపు పిల్లల్ని దానిమీద గెంతనివ్వొద్దని అమెరికా ఎముకల వైద్యుల సంఘమే చెబుతోంది. ఇద్దరు ఒకేసారి గెంతితే బరువు తక్కువున్న పిల్ల ఎగిరి పడుతుంది. డే కేర్‌లో ఒక్కరే గెంతేలా చూడాలంటే ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి, మిగతా అందరూ మళ్ళీ వరసలో నిలబడాలి.

బంతుల తొట్టి ఫొటోలో బాగుంటుంది. దగ్గరుండి చూస్తే పిల్లలు అందులో కూర్చుంటారు, పడుకుంటారు, కదలిక తక్కువ. చొల్లు పడ్డ బంతులన్నీ, ఎవరైనా తడిపేస్తే తొట్టి మొత్తం, కడగాలి. ఆ పని ఆయమ్మ మీద పడుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటికైతే పరవాలేదు. పది మంది పైన ఉన్నచోట దండగ.

జారుడుబల్ల చెడ్డది కాదు. నలుగురైదుగురు పిల్లలుంటే మంచిదే, మెట్లెక్కడం కాళ్ళకి మంచి పని. గుంపుకి అదొక్కటే పెట్టడం వల్లే చిక్కంతా. ఇప్పటికే కొనేసి ఉంటే పారెయ్యకండి. ఇప్పుడు చెప్పబోయే దారిలో దాన్నొక మజిలీ చెయ్యండి.

పరుపుల దారి అంటే ఇంట్లో ఉన్నవాటితో గదంతా చుట్టి వచ్చే బాట. రెండు దూదిపరుపులు పక్కపక్కన. వాటి చివర గట్టిగా చుట్టి తాళ్ళతో కట్టిన బొంత, దాన్ని ఎక్కి దాటాలి. తరవాత రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి గుహ, అందులోంచి పాకాలి. ఆ పైన నేలమీద పరిచిన లావుపాటి తాడు, దాని వెంట అడుగులో అడుగేస్తూ నడవాలి. చివర పాత బట్టలు కుక్కిన గోనె సంచి, దాన్ని రెండు చేతులతో నెట్టుకుంటూ మళ్ళీ మొదటి పరుపు దాకా.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దారిని గోడ నుంచి గోడకి తిన్నగా వేస్తారు. అప్పుడు మొదట్లో వరస తయారవుతుంది, చివరికి చేరినవాళ్ళు ఏం చెయ్యాలో తెలీక తిరిగి ఎదురొస్తారు. దారి గుండ్రంగా వెయ్యండి. మొదలూ చివరా లేని దారిలో ఎవరు ఎక్కణ్ణుంచైనా కలవొచ్చు, అలిసినవాళ్ళు పక్కకి తప్పుకోవచ్చు. అంతా ఒకే వైపు తిరిగితే ఢీకొనడం ఉండదు. మా ముందు గదిలో పది మంది ఒకేసారి తిరుగుతారు. అదే 20 నిమిషాల్లో ఒక్కో పిల్ల దగ్గర దగ్గర పావుగంట కదులుతుంది.

దీని రెండో గుణం, ఎంత కష్టం కావాలో పిల్లే ఎంచుకుంటుంది. ఏడాదిన్నర పిల్ల బొంత మీద బోర్లా పడి మెల్లగా అవతలికి దొర్లుతుంది. అయిదేళ్ళ వాడు దాన్ని గెంతి దాటుతాడు. భయపడే పిల్ల పక్కనుంచి నడిచిపోతుంది. రెండు రోజులు అలా పక్కనుంచే వెళ్ళి, మూడో రోజు ఎవరూ చెప్పకుండా తనంతట తనే ఎక్కిన పిల్ల ముఖం చూడాలి. ఎత్తి దాటించవద్దు. మనం ఎత్తి దాటిస్తే దాటింది మనమే.

లోపాలూ ఉన్నాయి. సర్దడానికి పది నిమిషాలు, తీసి పెట్టడానికి ఇంకో పది. వానాకాలం దూదిపరుపు చెమ్మ పీల్చి ముక్కవాసన వేస్తుంది, ఎండ కాసిన రోజు తప్పకుండా బయట వెయ్యాలి. పాత నూలు చీర గలేబులా కుట్టి తొడిగితే ఉతుక్కోవచ్చు. రెగ్జిన్ కవరైతే తుడవడం తేలికే గానీ మే నెల ఉక్కలో పిల్లల ఒంటికి అంటుకుపోతుంది.

గోనె సంచులు మన జిల్లాలో దొరకవన్న మాటే లేదు. నెల్లిమర్ల జనపనార మిల్లుకీ, గోగునార పంటకీ పేరున్న చోటాయె. బియ్యమో పప్పో నింపిన సంచి తీసుకోండి. పురుగుమందుల పక్కన నిల్వ ఉంచినవి, ఎరువులు పోసినవి ఎంత కడిగినా వద్దు. ఉతికి ఎండబెట్టి, పైన పాత దుప్పటి కుట్టండి, లేకపోతే నార తొడలకి గీసుకుంటుంది. లోపల ఊక నింపొద్దు, దుమ్ము రేగుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకి పడదు.

ముక్కలు ముక్కలుగా అతికించే రంగుల ఫోమ్ మ్యాట్లు దూదిపరుపులకి బదులా అని అడుగుతారు. మూడేళ్ళు దాటిన పిల్లలకి బాగానే ఉంటాయి. అక్షరాలు, అంకెలు ఊడివచ్చే రకం మాత్రం పళ్ళొచ్చే పిల్లలున్న చోట పెట్టకండి. కొరికి ముక్క తీసి మింగుతారు.

పాత చీర, గుడ్డ బంతి, మూటల మోత

ఒకే ఒక్క వస్తువు పెట్టుకోమంటే నేను పాత నూలు చీరే చెబుతాను. అయిదున్నర మీటర్ల చీరకి రెండు అంచుల వెంట పది పన్నెండు మంది పిల్లలు పట్టుకోవచ్చు. అందరూ కలిసి పైకెత్తాలి, కిందికి దించాలి. మధ్యలో గుడ్డ బంతులు వేస్తే అవి ఎగిరి పడుతుంటే కేరింతలే. నెమ్మదిగా ఊపితే అలలు, జోరుగా ఊపితే తుపాను. ఎవరూ కాసుకుని ఉండరు. నిలబడలేని పిల్ల ఒకామె మా దగ్గర ఉండేది. ఆయమ్మ ఒళ్ళో కూర్చుని చీర అంచు పట్టుకుని అందరితో పాటు ఊపేది. జారుడుబల్ల దగ్గర ఆ పిల్ల చూస్తూ ఉండిపోయేది. ఈ రెండింటి మధ్య నేను ఎంచుకోవడానికి ఆ తేడా చాలు.

సిల్కు, నైలాన్ చీరలు చిన్న వేళ్ళలోంచి జారిపోతాయి. నూలుదే పట్టు ఇస్తుంది. శ్రీకాకుళం వైపు వాళ్ళ ఇళ్ళల్లో తాతగారి పొందూరు ఖద్దరు పంచె పాతది ఉంటే అది ఇంకా మేలు. ఆట అయిన వెంటనే మడిచి బీరువాలో పెట్టాలి. చీర కింద పడేసి ఉంచితే ఎవరో ఒకరు మెడకి చుట్టుకుంటారు.

బంతుల్లో మూడు రకాలు పోల్చి చూశాను. రబ్బరు బంతి గదిలో ఎటు ఎగురుతుందో తెలీదు, ఫ్యాను తగులుతుంది, వేగానికి చిన్నపిల్లలు బెదురుతారు. బుడగలు నెమ్మదిగా తేలుతాయి, పిల్లలకి ఎంతో ఇష్టం, అయినా మా దగ్గర బుడగ గుమ్మం దాటి రాదు. పగిలిన రబ్బరు ముక్క గొంతులో అడ్డం పడితే గాలి పూర్తిగా మూసుకుపోతుంది, వేలు పెట్టి తీద్దామన్నా జారిపోతుంది. పుట్టినరోజు అలంకరణకి కట్టినవైనా పిల్లలొచ్చే ముందే తీసెయ్యండి. గుడ్డ బంతులైతే ఏ బెంగా లేదు. పాత మేజోళ్ళలో గుడ్డపీలికలు కుక్కి కుట్టెయ్యండి, పిల్ల పిడికిలి కంటే పెద్దవిగా, తలకి కనీసం రెండు.

బంతితో ఏం ఆడించాలన్నది వయసును బట్టి మారుతుంది. ఎదుటివాళ్ళు విసిరిన పెద్ద బంతిని పట్టుకోవడం చాలామందికి నాలుగేళ్ళ ప్రాంతంలో గానీ కుదరదు. రెండేళ్ళ పిల్లతో క్యాచ్ ఆడిస్తే బంతి వచ్చి ముఖానికి తగులుతుంది, పిల్ల ఏడుస్తుంది. ఆ వయసుకి దొర్లించడం, గంపలో వెయ్యడం. మూడు నాలుగేళ్ళ వాళ్ళకి గది మధ్యలో తాడు పరిచి, మన వైపున్న బంతులన్నీ అవతలికి విసరాలి, వాళ్ళు ఇటు విసురుతారు. గెలుపు ఓటములు చెప్పక్కర్లేదు, ఆట అయిపోదు కాబట్టి ఎవరూ ఓడరు. వంగడం, ఏరడం, పరిగెత్తడం, విసరడం. అయిదు నిమిషాల్లో అందరి నుదుటా చెమట పడుతుంది.

మూటల మోత నేను కనిపెట్టింది కాదు. బట్టలు కుక్కిన చిన్న మూటల్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్ళడం, అంతే. సంత నుంచి వచ్చే అమ్మలాగా కొందరు నెత్తిన పెట్టుకుంటారు. కొరికే పిల్లలు, తోసే పిల్లలు, ఒక్క చోట నిలవని పిల్లలు ఉంటారు కదా, వాళ్ళకి "కూర్చో" అని చెప్పే బదులు మూట ఇవ్వండి. మొదట్లో చెప్పిన కొరికిన పిల్లవాడికి మా ఆయమ్మ "బావూ, ఈ మూట అక్కడెట్టీసి రా నాన్నా" అంటే పదిసార్లు తిరిగేవాడు. తరవాత భోజనానికి కుదురుగా కూర్చునేవాడు. మా గదుల్లో ఇది చాలామంది పిల్లల దగ్గర చూశాను.

గచ్చు మీద గీతలు

సుద్దముక్క ఒక్కటుంటే చాలు గనక ఇది అన్నిటికంటే చవక. టేపు అతికిస్తే చక్కగా ఉంటుంది కానీ పిల్లలు అంచు లాగి నోట్లో పెట్టుకుంటారు. ముగ్గుపిండి ఇంటిలోపల వద్దు, టైల్స్ మీద కాలు జారుతుంది.

మన తొక్కుడుబిళ్ళ మంచి ఆటే గానీ అయిదేళ్ళ ముందు కాదు. రెండు కాళ్ళూ నేల వదిలి గెంతడం రెండున్నరేళ్ళ ప్రాంతంలో వస్తుంది, ఒంటికాలి మీద కుంటడం నాలుగైదేళ్ళ మధ్యన. పైగా తొక్కుడుబిళ్ళలో ఒకరు ఆడుతుంటే అందరూ చూడాలి. చిన్నవాళ్ళకి గుండ్రాలు గీసి చెరువులనండి, ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి కప్పలా గెంతమనండి. పిల్లలెంతమందో అంతకంటే నాలుగు గుండ్రాలు ఎక్కువే ఉండాలి. నాలుగు స్తంభాలాటని కూడా ఇలాగే మార్చుకోవచ్చు, స్తంభానికి బదులు గుండ్రం. స్థానం దొరకని పిల్ల దొంగ అవడం మాత్రం తీసేశాం. మూడేళ్ళ వాళ్ళకి అది ఆటగా కాదు, అవమానంగానే తోస్తుంది.

మన పాత ఆటలన్నీ మంచివే అనలేను. ఒప్పులకుప్ప నాకు ప్రాణమంత ఇష్టం, అయినా గదిలో చిన్నపిల్లలతో ఆడించను. తిరిగి పడితే గచ్చు. ఇంకోటి, చేతులు పట్టి గుంజితే అయిదేళ్ళలోపు పిల్లలకి మోచేతి కీలు తేలిగ్గా జారుతుంది. పెద్దవాళ్ళు ముద్దుకొద్దీ రెండు చేతులూ పట్టుకుని పిల్లని గిరగిరా తిప్పడం కూడా ఇందుకే ప్రమాదం. ఎత్తాలంటే చంకల కింద పట్టి ఎత్తండి.

పాటా, టీవీనా

కరెంటు ఉంటే చాలామంది టీవీలో పిల్లల డ్యాన్స్ పాటలు పెట్టేస్తారు. చేతులు తక్కువున్న రోజు నేనూ పెట్టాను, కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. కానీ ఓ పది నిమిషాలు పిల్లల్ని గమనించండి. మొదటి పాటకి ఎగురుతారు, రెండో పాటకి నెమ్మదిస్తారు, మూడో పాటకి నోరు తెరిచి చూస్తూ నిలబడిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే రెండేళ్ళలోపు వాళ్ళకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటకూడదని ఉంది. ఆ గంటలో ఇంట్లో ఫోన్ చూసేదీ కలుస్తుంది.

టీవీకి బదులు మనకి తప్పెటగుళ్ళు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రొమ్ముకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ అడుగు. పిల్లలకి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకి తాడు కట్టి మెడలో కాకుండా నడుముకి కట్టండి. ఒకరు కొడితే అందరూ అడుగు వెయ్యాలి. మెల్లగా కొడితే మెల్లగా, జోరుగా కొడితే జోరుగా, ఆపితే బొమ్మలా నిలబడాలి. ఆపినప్పుడు ఒళ్ళు ఆపుకోవడం పరుగు కంటే కష్టం, అందుకే పిల్లలకి అది ఇష్టం. కరెంటు పోయినా ఆగని ఆట ఇది. ఇంటి యజమాని పై వాటాలో ఉంటే మధ్యాహ్నం నిద్ర వేళ వద్దు, డబ్బాకి గుడ్డ చుడితే చప్పుడు సగం తగ్గుతుంది.

"గెంతడానికేనా ఇక్కడికి పంపింది, అ ఆలు రాయించరా?" అనే తల్లిదండ్రులు ఉంటారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళ దాకా 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి 'ఆధారశిల' అని రెండు పాఠ్య ప్రణాళికలు తెచ్చింది, రెండింటికీ ఆటే పునాది అని చెప్పండి. "ఆడపిల్లని అలా గెంతనిస్తారేటండి" అనే మాటకి మాత్రం నేను మెత్తగా జవాబివ్వను. గెంతనిస్తాను.

పండగ వెళ్ళాక సిరిమాను ఆట

విజయనగరం పిల్లలకి ఏ బజారులోనూ దొరకని ఆట ఇది. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన పిల్లలు మర్నాడు వచ్చి చెయ్యి ఊపుతూ చెప్పిందే చెబుతారు. వాళ్ళని కూర్చోబెట్టి కథ చెప్పడం కంటే ఊరేగింపే తియ్యండి.

సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగు కోసం ఇద్దరు ముగ్గురు చేతులూ కాళ్ళూ నేలమీద ఆన్చి, మోకాళ్ళు ఆన్చకుండా నడవాలి. భుజాలకీ పొట్టకీ ఇంతకంటే మంచి పని లేదు. బెస్తవారి వల కోసం మన పాత చీరే, నలుగురు నలుమూలలా పట్టుకుని నడవాలి, మిగతావాళ్ళు చేపలై కింద నుంచి దూరిపోవాలి. ఊరేగింపులో ఉండే పాలధార దండులా కొందరు ముందు నడుస్తారు. ఒక గది గుడి, రెండో గది కోట. మూడుసార్లు వెళ్ళిరావాలి, లెక్క పిల్లలే పెట్టుకుంటారు. సిరిమాను మాత్రం ఎత్తుగా ఏదీ కట్టొద్దు, పిల్లని ఎవరి భుజాల మీదా ఎక్కించొద్దు. పొడవాటి అట్టగొట్టం అందరూ కలిసి మోస్తే చాలు. మా దగ్గర ఈ ఆట దీపావళి దాకా రోజూ అడుగుతారు. అరగంట ఎప్పుడు గడిచిందో మాకే తెలీదు.

శ్రీకాకుళం వైపు వాళ్ళకి సముద్రం ఉంది, పడవ లాగడం, వల లాగడం ఉన్నాయి. గట్టి తాడు పట్టుకుని అందరూ ఒకే వైపు నిలబడి బట్టల మూటని లాగితే అదే అలివి వల. రెండు జట్లుగా ఎదురెదురు లాగించకండి, ఒకరు వదిలేస్తే అవతలివాళ్ళు వెల్లకిలా పడతారు.

ఏడాది లోపు పిల్లకి వాకరా, నేలా

ఈ విషయంలో పెద్దవాళ్ళతో వాదించాల్సి వస్తుంది, అయినా వాదించండి. కూర్చోబెట్టి తిప్పే చక్రాల వాకర్ వల్ల నడక తొందరగా రాదు. కాలివేళ్ళతో తోసుకుంటూ పిల్ల క్షణంలో మెట్ల దాకా, పొయ్యి దాకా పోతుంది. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్క నడకబండి వేరు. అందులో పిల్ల తన కాళ్ళమీద తనే నిలబడి తోస్తుంది, వదిలేస్తే కూర్చుండిపోతుంది. నిలదొక్కుకున్న పిల్లకి అది మంచిదే, గడప లేని గదిలో, పక్కన మనిషి ఉండగా.

దానికంటే ముందు కావలసింది నేల. నడక రాని పిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రోజులో విడతలుగా అంతా కలిపి కనీసం అరగంట బోర్లా పడుకోబెట్టాలని కూడా అవే మార్గదర్శకాలు చెబుతాయి. గట్టి బొంత మీద, ఎదురుగా మన ముఖమో ఓ ఏటికొప్పాక లక్క బొమ్మో. బొమ్మ నోట్లో పట్టనంత పెద్దదై ఉండాలి. నిద్రపోతే వెంటనే వెల్లకిలా తిప్పాలి. పాకే పిల్లలకి గదిలో ఓ మూలని పరుపులతో వేరుచేసి ఇవ్వండి, పెద్దపిల్లల పరుగు వాళ్ళ చేతులమీదుగా పోకూడదు.

ఆటకి ముందు గదిని చూడండి

చెప్పులు, మేజోళ్ళు విప్పించి ఉత్తకాళ్ళతోనే ఆడించండి, టైల్స్ మీద మేజోళ్ళంత జారేవి లేవు. తుడిచిన నేల పూర్తిగా ఆరాలి. బీరువా గోడకి బిగించి ఉందో లేదో చూడండి. వంట అదే గదిలో అయితే పొయ్యి ఆరి, గిన్నెలు దిగాకే ఆట. ఎండాకాలం జోరు ఆటలు పొద్దున్నే ముగించి, పదింటి తరవాత చీర ఊపడం లాంటివి పెట్టుకోండి, మధ్యమధ్యన నీళ్ళు తాగించండి. ఇంకో మాట, చిక్కీ ముక్కో ఉడికిన గుడ్డో నోట్లో ఉండగా ఎవరూ లేవకూడదు. వేరుశనగ పలుకు పరిగెత్తే పిల్ల గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది. తిండి అయ్యాక నోరు పుక్కిలించి, అప్పుడు ఆట.

మీ దగ్గర ఎలా ఉంటే ఏది

ఒకటే గది, ఇరవై మంది, టీచరు ఒకరు ఆయా ఒకరు అంటే పరుపుల దారి జోలికి పోకండి, సర్దేలోపే అల్లరి మొదలవుతుంది. డబ్బా చప్పుడుకి అడుగులు, చెరువుల్లో కప్పలు, చీర ఊపడం, ఈ మూడూ మార్చి మార్చి పదేసి నిమిషాలు. వస్తువులన్నీ కలిపి ఒక సంచిలో పడతాయి.

రెండు గదులు, పది పదిహేను మంది ఉంటే పరుపుల దారి వెయ్యండి. పొద్దున పిల్లలు రాకముందే సర్ది, మధ్యాహ్నం దాకా అలాగే ఉంచెయ్యండి. వారానికోసారి ఒక్క మజిలీ మారిస్తే వాళ్ళకి కొత్త దారే.

అన్ని వయసులూ కలిసి ఉంటే నేనైతే చీర, మూటలు ఎంచుకుంటాను. బంతి విసరడం వద్దు, పెద్దవాళ్ళ చేతి వేగం చిన్నవాళ్ళ ముఖానికి ఎక్కువ. అయిదారుగురు పిల్లలే ఉన్న ఇల్లయితే, డబ్బులుంటే, తక్కువ ఎత్తు జారుడుబల్ల ఒకటి కొనొచ్చు. కింద పరుపు వెయ్యడం మర్చిపోకండి.

ఇల్లు అద్దెది, కింద ఇంకో కుటుంబం ఉందంటే గెంతే ఆటలు తగ్గించి పాకడం, మొయ్యడం, లాగడం ఎక్కువ పెట్టుకోవాలి. అవి చప్పుడు చెయ్యవు, ఒంటికి పని మాత్రం తక్కువ కాదు.

డబ్బు పెట్టి కొనాల్సినవంటూ ఉంటే ఈ వరసలో కొనండి. ముందు రెండు మంచి దూదిపరుపులు, మన ఊళ్ళో దూదేకులవాళ్ళ దగ్గర గట్టిగా కుట్టించుకోవాలి. తరవాత పిల్లల చేతులకి కోసుకోని మెత్తటి లావు నూలు తాడు, పది మీటర్లు. తరవాత తక్కువ ఎత్తు చెక్కపీటలు నాలుగు, అంచులు గుండ్రంగా నునుపు పట్టించి. గంటస్తంభం దగ్గర బజారులో ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. చీరలు, సంచులు, దుప్పట్లు పిల్లల ఇళ్ళనే అడగండి. మేం అడిగితే ఒక అమ్మ తన పెళ్ళినాటి నూలు చీర తెచ్చిచ్చింది. ఆమె కూతురు ఆ చీర అంచు తప్ప ఇంకో చోట పట్టుకోదు.

మా పాత జారుడుబల్ల ఇంకా ఉంది. దాన్ని పక్కకి పడుకోబెట్టి కింద సందులోంచి పాకే గుహ చేశాం. పద్నాలుగు మందీ దూరుతారు, ఎవరూ వరసలో నిలబడరు.